మద్యం మాన్పించడానికి మూడు నెలల సెంటరా, ఆసుపత్రి వార్డా, ఓపీ చికిత్సా? ఫలితాలు ఎక్కడ మెరుగు?

తార్నాక చెల్లెలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరులోపు మా అన్నయ్య విషయంలో మేమంతా ఒక నిర్ణయానికి రావాలి. తెలిసినవారు, అనుభవం ఉన్నవారు వివరంగా చెబుతారనే ఆశతో రాస్తున్నాను.

అన్నయ్య వయసు 43. చిక్కడపల్లిలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుతున్నాడు. పద్దెనిమిదేళ్లుగా తాగుతున్నాడు, గత మూడేళ్లుగా రోజుకు మూడు క్వార్టర్లకు తగ్గడం లేదు. పొద్దున లేవగానే చేతులు ఎంతగా వణుకుతాయంటే మా వదిన టీ గ్లాసు నిండా పోయడం మానేసింది. సగం పోసి ఇస్తే, దాన్ని బల్ల మీదే ఉంచి, వంగి పెదవులు గ్లాసు దగ్గరికి తెచ్చుకొని మొదటి గుక్క తాగుతాడు. తరువాత స్కూటర్ డిక్కీలో దాచుకున్న సీసా తీస్తే గానీ దుకాణం షట్టరు ఎత్తలేడు.

మానడానికి ఆయన ప్రయత్నించలేదని అనలేను. 2018 నుంచి ఏటా అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఆ 41 రోజులూ చుక్క ముట్టేవాడు కాదు, తెల్లవారకముందే లేచి చన్నీటి స్నానం చేసి పూజలో కూర్చునేవాడు. శబరిమల నుంచి తిరిగి వచ్చిన పదిహేను రోజుల్లో మళ్లీ మొదలయ్యేది. 2022లో మాల వేసుకున్న రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చి పీఠం ముందే పడిపోయాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. ఆ తరువాత ఒక సైకియాట్రిస్టు దగ్గర రెండు నెలలు ఓపీలో చూపించుకొని, బాగానే ఉన్నానంటూ మందులు ఆపేశాడు.

ఇప్పుడు ఇంట్లో ముగ్గురూ మూడు దారులు చెబుతున్నారు. మా మేనమామ నగర శివారులో ఉన్న ఒక డీ-అడిక్షన్ సెంటరులో మూడు నెలలు పెట్టాలంటున్నారు. నెలకు 25,000 రూపాయలట, రానంటే వాళ్లే మనుషులను పంపి తీసుకెళ్తారట, నూటికి తొంభై మంది మానేస్తారని వాళ్ల కాగితంలో అచ్చు వేశారు. వదిన మాత్రం ఏదైనా పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో పది రోజులు చేర్చి, తరువాత ఓపీకి తిప్పుదామంటోంది. అమ్మ ఇంట్లోనే ఉంచి మందులు వాడిద్దామంటోంది. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరు ఎత్తితే, పిల్లల పెళ్లిళ్లు కావాలి కదా అని బంధువులు నోరు మూయిస్తున్నారు.

ఈ పద్ధతుల ఫలితాలను ఎవరైనా పక్కపక్కన పెట్టి పోల్చి చూశారా? ఆ తొంభై శాతం మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

సికింద్రాబాద్ మనోవైద్యుడు

అమ్మా, నేను పద్నాలుగేళ్లుగా మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. మనిషిని చూడకుండా చికిత్స చెప్పకూడదు గానీ, మీరు రాసినదాంట్లో ఒక మాట దగ్గర ఏ డాక్టరైనా ఆగిపోతాడు. అది 2022లో వచ్చిన ఫిట్స్. మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. మద్యం ఆపిన మొదటి వారం ఎక్కడ గడపాలనేది ఒకటి, ఆ తరువాతి సంవత్సరం ఎలా గడపాలనేది రెండోది. సెంటర్లవాళ్లు ఈ రెంటినీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు కనుక కుటుంబాలు తికమకపడతాయి.

మొదటి వారం సంగతి ముందు చెబుతాను. ఈ మోతాదులో రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవారికి చాలావరకు మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి తేదీ, స్థలం తెలియకుండా పోయి, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటూ, ఇంట్లోవాళ్లనే పోల్చుకోలేని డెలీరియం వస్తుంది. చికిత్స అందకపోతే అది ప్రాణం తీస్తుంది. ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి మరోసారి ఆపినప్పుడు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కనుక, మీ అన్నయ్యకు ఇంటి దగ్గర ఆపించడం, అమ్మగారు ఎంత జాగ్రత్తగా చూసుకున్నా, సరైనది కాదు. అలాగే రాత్రి రెండు గంటలకు ఫిట్స్ వస్తే ఇంజెక్షన్ ఇచ్చే నర్సు, పిలిస్తే వచ్చే డాక్టరు లేని సెంటరు కూడా ఆ వారానికి పనికిరాదు. ఇంకో మాట. ఏళ్ల తరబడి తాగినవారి ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1, అడుగంటి ఉంటుంది. అది ఇంజెక్షన్ రూపంలో అందకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. నీరసంగా ఉన్నాడని వీధి చివరి క్లినిక్‌లో థయమిన్ ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే అలవాటు మన దగ్గర ఉంది, దయచేసి అలా చేయించకండి.

ఇక పోలికల విషయం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 164 మంది మాజీ సైనికులను యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఆసుపత్రిలో చేర్చుకొని, రెండో జట్టుకు రోజూ వచ్చి వెళ్లేలా ఓపీలో మద్యం మాన్పించారు. ఆ ఫలితాలు 1989లో ప్రచురితమయ్యాయి. మాన్పించే దశను పూర్తి చేసినవారు ఆసుపత్రిలో 95 శాతం, ఓపీలో 72 శాతం. ఆ అంకెలు మాత్రమే చూస్తే వార్డుదే గెలుపు. కానీ ఆరు నెలల తరువాత అదే మనుషులను మళ్లీ కలిస్తే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు, ఖర్చులో మాత్రం ఎన్నో రెట్ల తేడా ఉంది. అయితే వారంతా స్వల్ప, మధ్యస్థ విత్‌డ్రాయల్, అంటే మద్యం ఆపినప్పుడు వచ్చే వణుకు లాంటి బాధలు, ఉన్నవారు. మీ అన్నయ్యలా ఫిట్స్ చరిత్ర ఉన్న మనిషికి ఆ ఫలితాన్ని వర్తింపజేయకూడదు.

అంతకు ముందే, 1977లో, లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం వంద మంది వివాహితులైన మద్యపాన వ్యసనపరులను రెండుగా విభజించి, సగం మందికి అప్పట్లో అందుబాటులో ఉన్న పూర్తి చికిత్స ఇచ్చి, మిగతా సగం మందిని భార్యతో సహా ఒక్కసారి కూర్చోబెట్టి గట్టిగా సలహా ఇచ్చి పంపింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్ల మధ్య గణనీయమైన తేడా కనిపించలేదు. చదువుకునే రోజుల్లో ఈ అధ్యయనం చదివి నేను కలత చెందాను, మేం చేసేదంతా వ్యర్థమా అనిపించింది. తరువాత రోగులను చూస్తూ చూస్తూ అర్థమైనదేమిటంటే, ఇల్లు, ఉద్యోగం, భార్య నిలబడి ఉన్న మనిషికి ఆ నిలబడినవే సగం చికిత్స. అవేవీ లేని మనిషికి ఈ ఫలితం చెల్లదు.

దీనికి ఎదురు నిలిచే అధ్యయనం కూడా ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 1991లో అమెరికాలో మద్యం సమస్య బయటపడిన 227 మంది కార్మికులలో కొందరిని తప్పనిసరిగా ఆసుపత్రిలో చేర్చారు, కొందరిని, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సమావేశాలకు మాత్రమే పంపారు, మిగిలినవారికి ఎంపిక వదిలేశారు. రెండేళ్లలో మళ్లీ ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినవారు మొదటి జట్టులో 23 శాతం, సమావేశాల జట్టులో 63 శాతం, స్వయంగా ఎంచుకున్న జట్టులో 38 శాతం. అంతమంది తిరిగి చేరడం వల్ల, ఆసుపత్రి తప్పించి ఆదా చేద్దామనుకున్న డబ్బు కూడా పెద్దగా మిగల్లేదు. అంటే తీవ్రంగా జారిపోయిన మనిషిని మొదట్లోనే తేలికపాటి చికిత్సకు పంపితే, ఆ భారం తరువాత తిరిగి మీద పడుతుంది.

వీటన్నిటినీ కలిపి నేను తెలుసుకున్నది ఇది. స్థలాన్ని ఎంచుకునేది ప్రమాదాన్ని బట్టి. ఫలితాన్ని నిర్ణయించేది డిశ్చార్జ్ తరువాతి నెలలు. మీ అన్నయ్య 41 రోజుల మాల అనుభవమే దీనికి నిదర్శనం. నియమం ఉంది, పూజ ఉంది, చుట్టూ స్వాములున్నారు, చుట్టుపక్కలవారు కూడా ఆయన్ని స్వామీ అని పిలిచారు. ఇవన్నీ ఉన్నంతకాలం ఆయన నిలబడగలిగాడు, ఇవి తొలగిన పక్షం రోజుల్లో జారిపోయాడు. ఆ 41 రోజులను 90 రోజులు చేసినంత మాత్రాన ఆ తరువాత వచ్చే 91వ రోజు మారదు. ఆ రోజుకు ఏర్పాటు ఏమిటన్నది మీరు ఏ సెంటరునైనా అడగవలసిన మొదటి ప్రశ్న.

తొంభై శాతం అన్నప్పుడు ఎంతమందిలో తొంభై అని అడగండి. చేరిన వంద మందిలోనా, మూడు నెలలూ పూర్తి చేసినవారిలోనా, ఫోన్ ఎత్తినవారిలోనా? గేటుకు తాళం ఉన్న చోట లోపల ఉన్నంతకాలం ఎవరూ తాగరు, ఆ రోజున లెక్క తీస్తే నూటికి నూరు వస్తుంది. వైద్య సాహిత్యంలో విస్తృతంగా ఉదహరించే 2000 నాటి ఒక సమీక్ష ప్రకారం చికిత్స తరువాత ఏడాదిలోపు 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక స్థాయిలో మళ్లీ మొదలుపెడతారు. బీపీ, ఉబ్బసం రోగులు మందులు మానేసి తిరిగి జబ్బుపడే రేటు కూడా ఇంచుమించు అలాగే ఉంటుందని ఆ సమీక్షే చూపింది. బీపీ పెరిగిన మనిషిని మనం తిట్టం, మాత్ర మారుస్తాం.

ఎర్రగడ్డ గురించి బంధువుల మాటకు వెనకాడవద్దు. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో వచ్చిన మనుషులతో ఆ ఆసుపత్రి నిండిపోయింది. విత్‌డ్రాయల్‌ను అంతగా చూసిన చేతులు ప్రైవేటులో తక్కువ. మన దగ్గర కల్లులో అల్ప్రజోలం అనే మత్తు మందు కలిపే దురాచారం ఉంది కనుక, మీ అన్నయ్య మద్యంతో పాటు కల్లు కూడా తాగుతుంటే ఆ సంగతి చేర్చే రోజునే డాక్టరుకు చెప్పండి. అల్ప్రజోలం ఆగినప్పుడు కూడా ఫిట్స్ వస్తాయి, మందుల మోతాదు మారుతుంది.

ఉప్పల్ గృహిణి

చెల్లెమ్మా, మీ మేనమామగారు చెప్పిన పద్ధతిలోనే నాలుగేళ్ల క్రితం మా వారిని ఒక సెంటరుకు పంపాను. పేరు రాయను. ఉదయం ఐదు గంటలకు నలుగురు వచ్చి, లుంగీ మీద ఉన్న మనిషిని అలాగే కారెక్కించారు. మా పాప కిటికీలోంచి చూసింది. నెల రోజులు ఫోన్ ఇవ్వలేదు. తరువాత ఆదివారం పది నిమిషాలు మాట్లాడనిచ్చేవారు, పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు ఆయన మాటను బట్టి తెలిసేది. బాగున్నాను, భోజనం బాగుంది, ఈ రెండు మాటలే తిప్పి తిప్పి చెప్పేవారు. మూడు నెలల తరువాత గుండు చేయించుకున్న తలతో, పదకొండు కిలోలు తగ్గి వచ్చారు. ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజున తాగారు. అయితే ఈసారి ఇంకో నష్టం కూడా జరిగింది. ఆసుపత్రి అన్నా, డాక్టరు అన్నా, చివరికి నేను బ్యాగు సర్దుతున్నా ఆయన వణికిపోయేవారు. మళ్లీ చికిత్సకు ఒప్పించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

అన్ని సెంటర్లూ అలాంటివే అనను. మా వీధిలోనే ఒకరు వేరే చోట నలభై రోజులు ఉండి వచ్చి మూడేళ్లుగా బాగున్నారు, అక్కడ ప్రతి శనివారం భార్యాపిల్లలను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడేవారట. మీరు చేర్చే ముందు లోపలికి వెళ్లి పడకలు, వంటగది, మరుగుదొడ్లు కళ్లారా చూడండి. చూడనివ్వకపోతే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి.

కౌన్సెలర్, మలక్‌పేట

పై సోదరి రాసిన దానికి చట్టం సంగతి చేర్చాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలో చేర్చింది. కనుక అలాంటివారిని చేర్చుకొని చికిత్స చేసే సంస్థ ఆ చట్టం కింద నమోదై ఉండాలి. మనిషి స్వయంగా ఒప్పుకొని చేరితే అది స్వతంత్ర ప్రవేశం, కోరినప్పుడు డిశ్చార్జ్ అడిగే హక్కు ఉంటుంది. ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే 89వ సెక్షను ప్రకారం నామినేటెడ్ ప్రతినిధి, అంటే చట్టప్రకారం రోగి తరఫున నిలబడే వ్యక్తి, దరఖాస్తు చేయాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, తనకో ఇతరులకో హాని చేసే లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉండాలి, గడువు 30 రోజులు మించకూడదు. దాన్ని పొడిగించాలంటే 90వ సెక్షను కింద మళ్లీ పరీక్షలు, రివ్యూ బోర్డు అనుమతి ఉన్నాయి. బలవంతంగా గుండు గీయడాన్ని ఈ చట్టం పేరు పెట్టి మరీ నిషేధించింది. సొంత బట్టలు వేసుకునే హక్కు, ఫోన్ మాట్లాడే హక్కు, చేసిన పనికి ప్రతిఫలం పొందే హక్కు కూడా అందులో ఉన్నాయి. తెల్లవారుజామున నలుగురు మనుషులు వచ్చి ఎత్తుకెళ్లడానికి ఇందులో ఎక్కడా చోటు లేదు.

ఇంకొక విషయం. ఒప్పుకోని మనిషిని ఒప్పించడం కూడా ఒక విద్యే, దానికీ పరీక్షించిన పద్ధతి ఉంది. 1999లో అమెరికాలో చికిత్సకు రానంటున్న తాగుబోతుల కుటుంబసభ్యులు 130 మందికి మూడు రకాల శిక్షణ ఇచ్చి చూశారు. ఇంట్లోవాళ్లకు ఎప్పుడు మాట్లాడాలో, తాగని రోజును ఎలా ప్రోత్సహించాలో, తాగి చేసిన నష్టాన్ని ఎప్పుడు సర్దకుండా వదిలేయాలో నేర్పిన క్రాఫ్ట్ అనే పద్ధతిలో 64 శాతం మంది రోగులు చికిత్సకు వచ్చారు. అందరూ చుట్టూ కూర్చొని నిలదీసే పద్ధతిలో 30 శాతం, కుటుంబసభ్యులు, తాగేవారి ఇంట్లోవాళ్ల కోసం నడిచే అల్-అనాన్ సమావేశాలకు మాత్రమే వెళ్లిన జట్టులో 13 శాతం వచ్చారు. మీ వదినగారు సగం గ్లాసు టీ పోసి ఇవ్వడం చదివాక, ఆమెకు ఈ పని వచ్చునని నాకు నమ్మకం కలిగింది. చేతులు వణికే పొద్దుటి పూట, మొదటి సీసా తీయకముందు, గొంతు పెంచకుండా, ఈ వణుకుకు మందుంది, సోమవారం వెళ్దామా అని అడగమనండి. రాత్రి తాగి వచ్చినప్పుడు మాత్రం ఏమీ మాట్లాడవద్దు.

ఏడేళ్ల మేలుకొలుపు

నేను ఆర్టీసీలో పనిచేస్తాను. మద్యం మాని ఏడేళ్ల నాలుగు నెలలు. మూడుసార్లు ఆసుపత్రిలో చేరాను, మూడోసారి నిలబడ్డాను. మొదటి రెండుసార్లకు, మూడోసారికి మధ్య వార్డులో తేడా ఏమీ లేదు, అదే మందులు, అదే మంచం అనుకోండి. తేడా అంతా డిశ్చార్జ్ రోజునే వచ్చింది. మూడోసారి వార్డు సోషల్ వర్కరు నన్ను ఇంటికి పంపకుండా, చెప్పులు వేసుకోమని, ఆటోలో నేరుగా ఒక ఏఏ సమావేశానికి తీసుకెళ్లి వెనక బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నాతో మాట్లాడిన పెద్దమనిషి మొదటి రెండు నెలలు ప్రతి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. తాగావా అని ఒక్కసారి కూడా అడగలేదు, భోజనం చేశావా అని అడిగేవాడు.

ఏఏ అనగానే ప్రార్థనల గుంపు అని తీసిపారేసే డాక్టర్లు నాకు తెలుసు. 2020లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి చూసిన సమీక్షలో, ఏఏకు చేర్చే చికిత్స పొందినవారిలో ఏడాది తరువాత పూర్తిగా మానినవారు 42 శాతం ఉంటే, ఇతర మానసిక చికిత్సల్లో 35 శాతం ఉన్నారు. డబ్బు కట్టనక్కరలేని చికిత్సకు ఇది చిన్న మాట కాదు. మీ అన్నయ్య దుకాణం ఉన్న చోట నుంచి ఇంటికి వెళ్లే దారిలో ఎన్ని వైన్ షాపులున్నాయో లెక్కపెట్టి, అవి లేని దారిని ముందే చూసి పెట్టండి. నాకు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దిగకుండా ముందు స్టాపులో దిగి నడవడం వల్ల తొలి ఆరు నెలలు గట్టెక్కాయి.

మందుల షాపు, అంబర్‌పేట

ఎవరో ఒకరు మీకు ఈ సలహా కూడా ఇస్తారు కనుక ముందే రాస్తున్నాను. కూరలోనో మజ్జిగలోనో తెలియకుండా కలిపి పెట్టే పొడి అడుగుతూ వారానికి ఇద్దరు ముగ్గురు తల్లులు మా కౌంటరు దగ్గరకు వస్తారు. మద్యం మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందు వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తనకు ఆ మందు పడుతోందని తెలియని మనిషి తాగకుండా ఎలా ఉంటాడు? మీ అన్నయ్యకు తెలియకుండా ఏదీ కలపవద్దు.

సికింద్రాబాద్ మనోవైద్యుడు

మందుల షాపు మిత్రులకు కృతజ్ఞతలు. అదే డైసల్ఫిరామ్ రోగికి చెప్పి, ఆయన ఒప్పుకొని, రోజూ భార్య చేతి మీదుగా వేసుకుంటే సంగతి వేరు. 2004లో ముంబైలో కుటుంబం తోడున్న వంద మంది పురుషులలో సగం మందికి డైసల్ఫిరామ్, సగం మందికి తాగాలనే కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ ఇచ్చి ఏడాది చూసినప్పుడు, తిరిగి తాగుడులో పడకుండా నిలిచినవారు మొదటి జట్టులో 86 శాతం, రెండో జట్టులో 44 శాతం. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో అందరికీ తెలిసి చేసిన ప్రయోగం అది, కనుక ఆ 86ను యథాతథంగా ఆశించకూడదు. అయినా భార్య కళ్ల ముందు మాత్ర వేసుకోవడంలో ఉన్న బలం నేను ఓపీలో ప్రతి వారం చూస్తున్నాను. కాలేయం పరీక్షలు చూడకుండా మాత్రం రెండింటిలో ఏదీ మొదలుపెట్టకూడదు.

ఒక తండ్రి, కూకట్‌పల్లి

మన్నించాలి, మధ్యలో అడుగుతున్నాను. మా అబ్బాయికి 22 ఏళ్లు. టాపెంటడాల్ అనే నొప్పి మాత్రలతో మొదలై ఇప్పుడు హెరాయిన్ దాకా వెళ్లాడని తెలిసింది. మీరు మద్యం గురించి చెప్పినవన్నీ వీడికీ వర్తిస్తాయా? రెండు వారాలు ఎక్కడైనా పెట్టి శుభ్రం చేయించి తీసుకొద్దామనుకుంటున్నాం.

సికింద్రాబాద్ మనోవైద్యుడు

అయ్యా, వర్తించవు, దయచేసి ఆ రెండు వారాల ఆలోచన దగ్గరే ఆగండి. నల్లమందు జాతి మత్తులో స్థలం ఏదన్న దానికంటే చికిత్స మందు కొనసాగుతోందా లేదా అన్నదే బతుకు చావులను తేలుస్తుంది. 2003లో స్వీడన్‌లో 40 మంది హెరాయిన్ వ్యసనపరులలో సగం మందికి ఏడాది పాటు, హెరాయిన్‌కు బదులుగా డాక్టర్లు ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు ఇచ్చారు, మిగతా సగం మందికి ఆరు రోజుల్లో తగ్గించి ఆపేశారు. రెండు జట్లకూ కౌన్సెలింగ్ ఒకటే. ఏడాది చివర మొదటి జట్టులో 75 శాతం చికిత్సలో ఉన్నారు. రెండో జట్టులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు. అదే ఏడాది బ్రిటన్ నుంచి వచ్చిన మరో అధ్యయనంలో, వార్డులో చేరిన 137 మందిలో నాలుగు నెలల్లోపు అతిమోతాదుతో చనిపోయిన ముగ్గురూ చికిత్స విజయవంతంగా పూర్తి చేసుకొని వెళ్లినవారే. శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోయిన తరువాత పాత మోతాదు వేసుకోవడమే కారణం. మీ అబ్బాయిని బ్యూప్రెనార్ఫిన్ కొనసాగించి ఇచ్చే కేంద్రానికే తీసుకెళ్లండి, త్వరగా ఆపేయమని డాక్టరును ఒత్తిడి చేయకండి. పోలీసు భయం ఉంటే, సొంత వాడకం, స్వల్ప పరిమాణం కేసులలో స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే 64ఎ సెక్షను మాదకద్రవ్యాల నియంత్రణకు ఉద్దేశించిన ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే దగ్గరలోని కేంద్రం చెబుతారు.

తార్నాక చెల్లెలు

ఇంత ఓపికగా రాసిన అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న మేనమామను పక్కన కూర్చోబెట్టుకొని, స్పీకరు పెట్టి ఆ సెంటరుకు ఫోన్ చేశాను. రాత్రి డ్యూటీలో నర్సు ఎవరని అడిగితే వార్డెన్ ఉంటాడన్నారు. పోయిన ఏడాది చేరినవారిలో ఇప్పుడు ఎంతమంది మీతో మాటల్లో ఉన్నారని అడిగితే, అవన్నీ చేరాక సార్ చెబుతారన్నారు. చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమంటే ఫోన్ పెట్టేశారు. మామయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, వార్డు ఖర్చులో సగం నాది అన్నారు.

ఈ పొద్దున వదిన కౌన్సెలర్ గారు చెప్పినట్టే, టీ గ్లాసు బల్ల మీద పెట్టి అడిగింది. అన్నయ్య వెంటనే ఒప్పుకోలేదు. తలుపులు మూసేస్తారా అని అడిగాడు. మూయరని, నేను పక్కనే పడుకుంటానని చెప్పింది. సోమవారం పది గంటలకు ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో చేరుస్తున్నాం. అప్పటిదాకా ఒక్కసారిగా ఆపించవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. డిశ్చార్జ్ అయిన మరునాటి సాయంత్రం నారాయణగూడలో ఏఏ సమావేశం ఉందని కనుక్కున్నాను, ఆర్టీసీ అన్నగారికి వీలైతే ఆ రోజు మా అన్నయ్యను గేటు దగ్గర కలుస్తారా? దుకాణం తాళాలు ఇప్పటికే నా చేతికి ఇచ్చాడు, ఆయన తిరిగి వచ్చేదాకా షట్టరు నేనే ఎత్తుతాను.

ఏడేళ్ల మేలుకొలుపు

వస్తాను తల్లీ. అరగంట ముందే వచ్చి నీలం చొక్కాలో గేటు పక్కన నిలబడి ఉంటాను. ఆయన్ని ఏమీ తినకుండా పంపకండి.